బసప్ప తాళం, అరవై మూడు బస్తాల మట్టి

అది 1963, రోహిణి కార్తె చివరి రోజులు. జహీరాబాద్ బజారులో మల్గీలు కిరాయికి ఇచ్చేవాళ్ల తరఫున అజమాయిషీ చూడటం మొదలుపెట్టి నాకు అప్పటికి నాలుగేళ్లు. రోడ్డు మీదికి తలుపున్న దుకాణపు గదిని మా దగ్గర మల్గీ అంటారు. అంతకుముందు గంజ్‌లో ధాన్యం తూకాలు రాసేవాణ్ణి. చదివింది నాలుగో తరగతి. లెక్క నేర్చుకున్నది బస్తాల దగ్గరే. గుమాస్తానని అందరూ మునీం సాబ్ అనేవాళ్లు.

ఆ వేసవిలో కోహీర్ నుంచి శంకరమ్మ అనే రైతు నా దగ్గరికి వచ్చింది. భర్త పోయాక పదేళ్లు సొంతంగా అల్లం పండించి, కూడబెట్టిన సొమ్ముతో ఒక మల్గీ కొన్నది. ఆమె కొన్న మొదటి కిరాయి గది అదే.

"పొలమైతె వాన మీద ఆధారం మునీం సాబ్. గదికి వానతోటి ఏం పని?" అన్నది.

ఆ గదిలో బసప్ప అనే దర్జీ పద్నాలుగేళ్లుగా ఉంటున్నాడు. బీదర్ వైపు మనిషి. ముందు కుట్టుమిషను, మధ్యలో పరదా, పరదా వెనక భార్య నాగమ్మ, ఇద్దరు ఆడపిల్లలు. అంతా కలిపి పన్నెండు అడుగుల పొడవు, పది అడుగుల వెడల్పు.

ఇక్కడ నా తప్పు చెప్పాలి. ఆ గదిలో అడుగు పెట్టకముందే, శంకరమ్మ అడిగిందని, బసప్పకు నోటీసు రాశాను: పెంచిన కిరాయి ఒప్పుకోవాలి, లేదా ఖాళీ చేయాలి. కొత్తగా ఆస్తి కొన్నవాళ్లు మొదట చేసే పని అదే. నాకూ అది సబబుగానే తోచింది.

జవాబు రాకపోతే వారం తర్వాత నేనే వెళ్లాను. తలుపు సగం తెరుచుకుని ఆగిపోయింది. "ఈ నడుమ గిట్లనే పట్టేస్తుంది" అన్నది నాగమ్మ. మిషను మీద మడిచి పెట్టిన తెల్లచొక్కా నిండా సన్నటి మట్టిపొడి. పైకి చూశాను. నడిమి దూలం కిందికి వంగి ఉంది. దాని పొడుగునా వేలు పట్టేంత చీలిక.

నిచ్చెన వేసుకుని మిద్దె ఎక్కాను. మా వైపు మిద్దెలంటే దూలాలు, వాటి మీద కర్రలు, ఆ పైన మట్టి. వానలకు ముందు ఏటా కొత్త మట్టి పరిచి దిమ్మిస కొడతారు. ఆ పని కిరాయిదారుడిదేనని పాత కిరాయినామాలో, అంటే ఒప్పందం కాగితంలో, రాసి ఉంది. పాత మట్టి దించి వేయాలని మాత్రం లేదు. బసప్ప పద్నాలుగేళ్లూ మాట తప్పకుండా వేశాడు. ఇనుపచువ్వ గుచ్చితే పదిహేను అంగుళాలు దిగింది. పక్క మల్గీ మీద ఆరే.

ఆ మట్టిని ఒక కిరసనాయిలు డబ్బా నిండా తీయించి గంజ్ కాటా మీద పెట్టాను. ఇరవై ఎనిమిది కిలోలు. గది కొలతను మట్టి మందంతో గుణించి చూస్తే రెండు వందల ఇరవై ఐదు డబ్బాలు. మళ్లీ లెక్క వేసి చూశాను. మారలేదు.

"బసప్పా, నీ నెత్తి మీద అరవై మూడు క్వింటాళ్లు, అంటె అరవై మూడు బస్తాల బరువున్నది. ఉండాల్సింది ఇరవై ఐదు. ఇది ఎండిన మట్టి లెక్క. వాన పడితె ఎంతయితదో నాకు తెల్వదు."

అతను సూదిలోకి దారం ఎక్కిస్తూనే ఉన్నాడు. "ఏటేటా మట్టేసిన. ఒక్క సుక్క కారలే. గిప్పుడదే తప్పయిందా?"

"తప్పు కాదు, ఎక్కువయింది. జర కొన్ని దినాలు బయట ఉండు. మట్టి దించి, దూలం మార్చి నీకే ఇస్తం."

"పోయిన వారం ఖాళీ చెయ్యమని కాయితం రాసిందెవరు?"

"నేనే."

"గీ వారం మిద్దె కూలుతదని చెప్పేదెవరు?"

నేను దూలం చీలిక వైపు వేలు చూపించాను.

"నేను గడప దాటితె రేపు ఇంకొకని తాళం పడతది. నన్ను ఎడ్డోని అనుకున్నరా మునీం సాబ్?"

అది ఉత్త అనుమానమని అనలేకపోయాను. మరమ్మతు పేరుతో ఖాళీ చేయించి వేరేవాళ్లకు ఇచ్చేసిన గదులు నాకే తెలుసు. కబ్జాకు, అంటే గది ఎవరి చేతిలో ఉందనడానికి, మా బజారులో కాగితం కన్నా పెద్ద సాక్ష్యం తలుపుకున్న తాళం.

మర్నాడు శంకరమ్మను పిలిపించాను. ఆమె బస్సు దిగేసరికి పడమట మబ్బు నల్లగా కమ్ముకుంది. దూలం చూసి ఆమె ముఖం మారిపోయింది.

"నోటీసు వాపస్ తీసుకుంటున్న బసప్పా. ముందు పిల్లలను బయటికి తీస్కరా."

"మాటలకేమున్నదమ్మా."

అప్పుడు నాగమ్మ గోడ మేకుకున్న తాళం తీసింది. "ఏమయ్యా, మట్టి తీసేది పైకెల్లి గద? లోపల వాళ్లకేం పని? సామాను తీసి మన తాళం మనమే ఏసుకుందాం. లేకుంటె కబ్జా పట్టుకొని నువ్వొక్కనివే పండు. నేను పిల్లలను తీస్కొని పోత."

బసప్ప శంకరమ్మ వైపు చూశాడు.

"తాళంచెవి నీ కాడనే ఉంచుకో" అన్నదామె. "దూలం ఎక్కిచ్చే దినం నువ్వే వచ్చి తీ."

గాలి లేచింది. పిల్లలు, గిన్నెలు, గిరాకీల బట్టలు ఎదురు అరుగు మీదికి చేరాయి. మిషను మాత్రం ఆ సగం తలుపులోంచి రాలేదు. బసప్ప మళ్లీ లోపలికి వెళ్లి కూర్చున్నాడు, మిషనును స్టాండు నుంచి విప్పడానికి. మొదటి చినుకులు పడ్డాయి. పైన కర్ర కిర్రుమంది. ఒక మరమేకు ఊడి రాలేదు. "స్టాండు మీద మన్నువొయ్య, రావయ్యా!" అని నాగమ్మ అరుస్తోంది. చివరికి అతను మిషనును చంటిపిల్లలా గుండెకు పట్టుకుని బయటికి వచ్చాడు. దాన్ని ఆమె చేతుల్లో పెట్టి, వెనక్కి తిరిగి, తలుపు లాగి తాళం వేశాడు. రెండుసార్లు గుంజి చూసుకున్నాడు.

వాన విడవకుండా కొట్టింది. అరగంట కాకముందే అరుగు అదిరేంత చప్పుడు. తలుపు సందుల్లోంచి మట్టి ఎగజిమ్మింది. బసప్ప పిల్లలిద్దరి తలల మీద చేతులు పెట్టి అలాగే నిలబడిపోయాడు.

వాన వెలిశాక చూస్తే గోడలున్నాయి, పైకప్పు లేదు. తలుపుకు తాళం అలాగే వేలాడుతోంది. బసప్ప తాళంచెవి తీసి శంకరమ్మకు చాచాడు. "ఇగ దీంతోటేం పనమ్మా? లోపల ఆకాశమే ఉన్నది."

ఆమె అతని గుప్పిట మూసింది. "నీ కాడనే ఉండనియ్."

నెల రోజుల పనిలో ఒక్క మేస్త్రీ కూడా ఆ తలుపు ముట్టలేదు. నిచ్చెన వేసుకుని గోడ మీదుగానే దిగారు. కొత్త దూలం ఎక్కే రోజు బసప్ప వచ్చి తాళం తీశాడు.

ఆ తర్వాత నేను రాసిన ప్రతి కిరాయినామాలోనూ పాత మట్టి దించి కొత్తది వేయాలన్న షరతు పెట్టాను. కొత్తగా మల్గీ కొన్నవాళ్లను ముందు మిద్దె ఎక్కించి, తర్వాత కిరాయిదారుతో కూర్చోబెట్టాను. నోటీసు మాట ఆ రెండూ అయ్యాకే. బసప్పను ఆ గదిలో కదలకుండా కూర్చోబెట్టింది నేను రాసిన కాగితమే. ఆ రోజు నేను రెండుసార్లు సరిచూసుకున్న అరవై మూడు బస్తాల లెక్కలో దాని బరువు కలపలేదు.