తువ్వాల కింద చేయి

మా మామిడి మార్కెట్ కార్యదర్శి సారు పోయారన్న కబురు జగిత్యాలలో చాయ్ తాగుతుండగా వచ్చింది. రిటైరయ్యాక ఆయన కోరుట్లలో ఉంటున్నారు. నేను నమ్మలేదు. ఊరందరినీ ఆటపట్టించేవాణ్ణి కదా, ఎవరో నాకే టోపీ పెడుతున్నారనుకున్నాను.

నేను మామిడికాయలు కొనే వ్యాపారిని. మాకో అలవాటుండేది. చేతుల మీద తువ్వాల కప్పుకుని, కింద వేళ్లు నొక్కి ధర చెప్పుకునేవాళ్లం. పక్కనే నిలబడ్డ రైతుకు తన కాయల ధర తెలిసేది కాదు. సారు వచ్చిన మొదటి రోజే ఆ తువ్వాల లాగేసి, "వేలం నోటితోని పాడుండ్రి. అందరు వినాలె" అన్నారు.

"సారూ, అది సిరిసిల్ల తువ్వాల, కొత్తది. ఎంతకు పాడమంటరు?" అన్నాను. ఆయన నవ్వలేదు. ఇంకోరోజు ఆయన చేతి మీదే తువ్వాల కప్పి వేళ్లు నొక్కాను. "చక్కిలిగిలి అయితాంది గని, ధర తెలుస్తలేదు" అన్నారు.

ఒకసారి గొల్లపల్లి నుంచి ఒకామె కాయలు తెచ్చింది. ఆమె ఏడాది బతుకంతా ఆ ఒక్క కాతే. వ్యాపారులమంతా పొద్దున్నే ఒక ధర అనుకుని వచ్చాం. ఒకడు పాడాడు, మిగతావాళ్లం ఆకాశం కేసి చూశాం. సారు పాట ఆపేశారు.

"రేపు సిరిసిల్ల వ్యాపారులు గూడ అస్తరు. రేపు పాట పెడదాం."

"కాయలు మగ్గుతున్నయ్ సారూ. నీ రూలు చెప్తె ఆగుతయా?" అందామె.

సారు తన బల్లా కుర్చీ బయట పెట్టించి, ఆఫీసు గదిలో కాయలు పోయించారు. ఆ రోజంతా ఎండలోనే కూర్చున్నారు.

మర్నాడు ధర పెరిగింది. కొన్ని కాయలు మాత్రం కుళ్లిపోయాయి. లాభమా నష్టమా అని ఆమెను అడిగాను.

"నాకేం ఎరుక? గా సారునడుగు."

అడిగాను. "నాకూ ఎరుకలేదు. నలుగురు పాడిండ్రా లేదా?" అన్నారు.

పైన మంచి కాయలు, కింద పిందెలు పెట్టిన రాయికల్ రైతు గంపను తిరగబోయించిందీ ఈయనే. ఆ రోజు రైతులూ తిట్టారు. ఇంతకీ ఈయన ఎవరి దిక్కో నాకు ఇప్పటికీ అంతుపట్టలేదు.

కోరుట్ల వెళ్లాను. ఆయన మీద తెల్లబట్ట కప్పి ఉంది. పక్కన కూర్చున్నాక, అలవాటు కొద్దీ నా చేయి బట్ట కిందికి పోయింది. ఆయన వేళ్లు దొరికాయి. ఎన్ని నొక్కాలో తోచలేదు.

"ఏమన్న అనేదుంటే నోటితోని అను తమ్మీ" అంది ఆయన భార్య.

నోరు తెరిచాను. వేళ్లు వదల్లేదు.