చాచా విరిచిన నాలుగు ముక్కల చాక్లెట్

శుక్రవారం పొద్దున్నే పక్కింటి చాచీ గోడ అవతల నుంచి కేకేసింది. "బిడ్డా, మీ చాచా పలుకుతలేడు, జల్దీ రా." నేను వెళ్ళేసరికి చాచా వరండాలో కుర్చీలో ఉన్నాడు. అప్పటికే పోయాడు. నడకకు వేసుకునే బూట్లు వేసుకుని, లేసులు కూడా కట్టుకుని ఉన్నాడు. మేం అడవికి వెళ్ళేది ఆదివారాలు. శుక్రవారం ఎవరితో బయల్దేరాడో చాచీకీ తెలియదు.

చాచా మణుగూరు బొగ్గుబావిలో సర్వే పని చేసి రిటైరయ్యాడు. మా కాలనీలో నన్నూ మా ఆయన్నూ సొంత మనుషుల్లా చూసుకున్నది ఆయనే. కోపం ఎక్కువ, నస ఇంకా ఎక్కువ. టీలో చక్కెర తగ్గితే ఊరుకునేవాడు గానీ, నడకకు ఐదు నిమిషాలు ఆలస్యమైతే వీధంతా వినపడేలా తిట్టేవాడు.

ఈ నడక పిచ్చి ఆయనకు అంటించింది ఒక నార్వే ఇంజనీరు. గనిలో యంత్రం బిగించడానికి వచ్చి కొన్ని నెలలు ఇక్కడే ఉన్నాడట. వాళ్ళ దేశంలో కొండల్లోకి పోతే సంచిలో ఒక కమలాపండు, ఎరుపు, పసుపు, ఆకుపచ్చ చారల కాగితంలో ఒక చాక్లెట్ ఉండాల్సిందేనట. నాలుగు పుల్లలు పక్కపక్కన అతికించినట్టుంటుంది, కొరికితే కరకరలాడుతుంది. కాగితం లోపల కొండల్లో ఎలా మెలగాలో అచ్చేసి ఉంటుంది. వెళ్ళిపోయాక కూడా ఆయన చలికాలం రాగానే ఒక పార్సిల్ పంపేవాడు.

ఆ సూచనల్లో చాచాకు పట్టింది ఒక్కటే, వేళకు వెనక్కి తిరగడంలో సిగ్గు లేదని. "ఎనిమిదింటికి యాడుంటే ఆడ్నే తిరుగుడు. గుట్ట రెండడుగులల్ల ఉన్నా సరే," అనేవాడు. తిరిగే చోటే చాక్లెట్ విరవాలి. మీకు నవ్వు రావచ్చు, ముందే అడిగితే నా చేతి మీద ఒక్కటి వేసేవాడు. మాకు మూడు ముక్కలు, నాలుగోది చాచీకి.

పోయిన చలికాలంలో ఒక ఆదివారం మంచు బాగా కమ్మింది. ఎనిమిదికి ఆగాం. చాచా తల వంచుకుని చాక్లెట్ విరిచి పంచాడు. నాకొకటి, మా ఆయనకొకటి, తనకొకటి. కాగితం ఖాళీ.

"నాలుగోదేది చాచా?" అన్నాడు మా ఆయన.

"మూడు చేతులు చాపిండ్రు గద. మూడిట్ల పెట్టిన."

నేను ఒక చెయ్యే చాపాను. మా ఆయనా అంతే. కింద వెతికితే తడి ఆకులు తప్ప ఏమీ లేవు. ఒక్క పిట్ట అరవడం లేదు.

తిరుగుదారిలో మమ్మల్ని ముందు నడవమని తను వెనక వచ్చాడు. కాసేపటికోసారి "బేటీ!" అనేవాడు. "అవ్ చాచా," అనేదాన్ని. "అల్లుడా!" "ఉన్న చాచా." ఆ తర్వాత ఎవరినీ పిలవకుండా, ఇంకో మనిషి జవాబు చెప్పేంతసేపు ఆగేవాడు.

ఇంటికొచ్చాక చెప్పాడు. వయసులో ఉన్నప్పుడు ఒకసారి షిఫ్టు దిగి బావిలోంచి పైకొస్తుంటే "అందరొచ్చిండ్రా?" అని ఎవరో అడిగారట. లెక్కపెట్టకుండా "వచ్చినం" అన్నది చాచానే. ఆయన దోస్తు కిందే ఉండిపోయాడు. పైకప్పు కూలింది.

"నా నోటితోనే అన్న బేటీ. వాడు ఇంకా నా ఎనకనే వస్తున్నడు. నేను తిరిగినప్పుడల్లా వాడిని మళ్ళ ఆడ్నే ఇడిచిపెట్టి వస్తున్న."

మీ తప్పు కాదు చాచా అనాలనిపించింది గానీ, ఉత్త మాటలు ఆయనకు గిట్టవు. పక్కన కూర్చుని ఏడ్చాను, అంతే.

చాచా పోయిన రెండో ఆదివారం చాచీ చివరి చాక్లెట్ మా చేతిలో పెట్టింది. మేమిద్దరమే వెళ్ళాం. ముందురోజు జల్లు పడి దారి మెత్తగా ఉంది, మాకంటే ముందు ఎవరూ నడిచిన గుర్తు లేదు. ఎనిమిదికి ఆగి, విరిచి తిన్నాం. ఇంత పెద్ద అడవిలో భయం లేకుండా నడవడం నేర్పిన మనిషి లేడు.

వెనక్కి తిరగబోతూ మా ఆయన నా మోచెయ్యి పట్టుకున్నాడు. మేం వచ్చిన అడుగుల పక్కనే ఇంకో ఇద్దరు మగవాళ్ళ అడుగులు ఉన్నాయి. మమ్మల్ని ఎవరూ దాటి పోలేదు. ఆ అడుగులు మేం నిలబడ్డ చోట ఆగలేదు, వెనక్కి తిరగలేదు. పక్కపక్కనే, ఏ తొందరా లేకుండా, గుట్ట వైపు ఎక్కిపోయాయి.