పళ్ల మధ్య అరటినార

మొగుడు పోయాక తిరుచానూరు గుడి వీధిలో పూలమ్మి పిల్లను పెంచాను. నా గొంతుకు వీధి ఆ చివరనున్నవాళ్లకు కూడా మూర ధర తెలిసిపోయేది. అంత నోరున్న నాకు నత్తి కూతురు పుట్టింది. దాని వాటా మాటలు కూడా నేనే మాట్లాడేదాన్ని. ఎవరైనా "ఏం చదివినావు పాపా" అంటే, అది నోరు తెరిచేలోపు పదో తరగతి పాసైందని చెప్పి, మార్కులు కూడా చెప్పేసేదాన్ని.

దానికి పద్దెనిమిదేళ్లప్పుడు ఒక లాడ్జిలో కౌంటరు పని ఉందని తెలిసింది. ఫోను ఎత్తాలి, యాత్రికులకు రూముల సంగతి చెప్పాలి. పిల్లకు ఆ పని కావాలి. పూలబుట్ట దగ్గర కూర్చోవడం దానికి ఇష్టం లేదు. నా పక్కన అసలే ఇష్టం లేదు. తిరుపతి పెద్దాసుపత్రిలో మాట సరిచేసే మేడం ఉందని విని తీసుకుపోయాను.

మేడం దాన్ని పేరడిగింది. నేను చెప్పాను. వయసడిగింది. అదీ నేనే చెప్పాను.

"అమ్మా, నత్తి ఎవరికి?" అంది మేడం.

నేను చెబుతుంటే ఇది రాస్తున్న మనవరాలు పెన్ను ఆపి నవ్వుతోంది. రాయవే.

మేడం పిల్లను ఊపిరి వదులుతూ మొదటి అక్షరం మెత్తగా పలకమంది. మాట అడ్డం పడితే తోసుకోకుండా ఆగి మళ్లీ మొదలుపెట్టమంది. తడబడతానని ముందే చెప్పేయమంది. తానే లాడ్జి ఓనరులా కూర్చుని ప్రశ్నలడిగేది. నాకు ఒకే పని ఇచ్చింది: పిల్ల చెప్పడం అయ్యేదాకా నోరు తెరవకూడదు. వారాలు గడిచినా అది నా వల్ల కాలేదు. చివరికి పిల్లే దారి చూపింది.

"మా, పూలు కట్టే నా... నార చీల్చేటప్పుడు పళ్లతో పట్టుకుంటావే, అప్పుడొక్కటే నువ్వు గమ్మునుంటావు. నేను మాట్లాడేటప్పుడు గూడా అదే పట్టుకో."

లాడ్జికి పోయిన రోజు తడి నార ఒకటి కరుచుకునే లోపలికి పోయాను. ఓనరు ఫోను చూపించాడు.

"ఎవురన్నా రూముండాదా అనడిగితే ఏం జెప్తావు?"

"నాకు మాట తడబడతాది సార్, నిదానంగా జెప్తా," అంది పిల్ల. తర్వాత "రూ..." దగ్గర ఆగిపోయింది. ఆ మాట నా నాలుక కొసన ఎగురుతోంది. దవడలు నొప్పెట్టేలా నార కరిచాను. ఓనరు నా వైపు చూశాడు.

"ఏమ్మా, నీకు గూడా మాట రాదా?"

తల నిలువుగా ఊపాలో అడ్డంగా ఊపాలో తెలియక రెండూ ఊపాను.

"అయ్యో పాపం," అన్నాడు. నన్ను మూగదనుకున్న మనిషి ఈ లోకంలో ఆయనొక్కడే.

పిల్ల ఊపిరి వదిలింది. "వ... వస్తాది సార్. మాయమ్మకు శానా వస్తాది. అందుకే నార కరిపించినా. రూ...ములుండాయండి, ఎంతమంది వస్తారండీ అనడుగుతా."

రెండుచోట్ల ఆగింది. ఆగినచోట కంగారుపడలేదు. ఓనరు నవ్వాడు.

"సోమవారం వచ్చేయ్ మా. మీయమ్మను మాత్రం కౌంటరు కాడికి రానీవద్దు."

నేను పోలేదు. లాడ్జి వాకిలి పక్కన బుట్ట పెట్టుకున్నాను, అంతే. మొదటి వారమంతా, లోపల ఫోను మోగినప్పుడల్లా ఒక నార నమిలి పాడుచేశాను.