సత్యానందం అన్న విన్న చప్పుడు

మా పక్కింటి సత్యానందం అన్న గడ్డపోతారంలో ఒక మందుల కంపెనీలో పొద్దంతా డ్రమ్ములు దొర్లిస్తాడు. ఆదివారం చర్చిలో ఢోలక్ వాయిస్తాడు. పెళ్లిళ్లు ఉంటే తన గుర్రం చాందినీని బరాత్‌కు తోలుకుపోతాడు. "మా ఆయనకు చప్పుడు లేకుంటే బువ్వ అరగది" అని ఆయన భార్య జయశీల వదిన అందరి ముందే అంటుంది. నిజమే. తినడానికి కూర్చున్నా కంచం అంచు మీద ఆయన వేళ్లు ఆడుతూనే ఉంటాయి.

మొన్న రేకుల షెడ్డు మూల గీసుకుని చాందినీ తొడ లోతుగా చీలింది. మా ఆయన పోయాక నేను గడప దాటడం తక్కువే. గోడ అవతల వదిన ఏడుపు విని వెళ్లాను. పటాన్‌చెరు నుంచి పశువుల డాక్టరమ్మ రవళి వచ్చి ఉంది. గుర్రం ఆమెను దగ్గరికి రానివ్వడం లేదు, తన్నుతోంది.

"మత్తు సూది ఇస్తా. పండుకోదు, నిలబడే కునుకుతది. అందాక ఎవ్వరు మాట్లాడొద్దు. చప్పుడైతే మందు సరిగ పట్టదు."

"ఇగ అయిపాయె! ఈయన నోరు, చేతులు రెండూ కట్టెయ్యాలె" అంది వదిన, కళ్లు తుడుచుకుంటూనే.

అన్న చేతులు చంకల్లో పెట్టుకున్నాడు.

కాసేపటికి చాందినీ తల కిందికి వేలాడింది. కింది పెదవి జారింది. డాక్టరమ్మ ఎడమ ముందరి కాలి వెనుక స్టెతస్కోపు పెట్టి వింది. అన్న ఆత్రం చూసి ఆయన చెవులకు తగిలించింది. ఆయన ముఖం పాలిపోయింది.

"మేడం, ఆగుతున్నది! కొడుతున్నది, కొడుతున్నది, ఆగుతున్నది. కుట్లు వద్దు, ఏం వద్దు. నా బిడ్డ పోతది!"

"పోదన్నా. ఈ మందుకు గుర్రాల గుండె గిట్లనే అప్పుడప్పుడు ఒక దెబ్బ తప్పుతది. ఎంతసేపు ఆగుతున్నదో నేను చూస్తనే ఉన్న. ఇప్పుడు వదిలేస్తే పుండు చీము పడతది. జెర నిమ్మలంగ ఇంకోసారి వినుండ్రి."

అన్న కళ్లు మూసుకుని విన్నాడు. చాలాసేపు విన్నాడు.

"మేడం, ఆగినకాడ ఉత్తగ లేదు. లోపల ఎవరో గోటితోని తట్టినట్టు..."

"అదే! గుండె పై గది కొట్టింది. ఆ కబురు కింది గదికి అందలే. మళ్లసారి అందుతది."

"అయితే కుట్టుండ్రి" అన్నాడు అన్న.

మా ఆయన గుండె ఆగిందని ఆసుపత్రి వాళ్లు చెప్పారు. ఆగడమంటే ఎలా ఉంటుందో నేను వినలేదు.

"నేను గూడ ఒకసారి వింట అన్నా" అన్నాను.

డాక్టరమ్మ కుడుతుంటే అన్న స్టెతస్కోపు నా చెవులకు పెట్టాడు. పెద్ద దెబ్బలు, నిదానంగా. తరువాత ఏమీ లేదు. నా ఊపిరి కూడా ఆగింది. మళ్లీ దెబ్బ.

"ఇనపడ్డదా చెల్లె, గోటి చప్పుడు?"

"లేదన్నా. కాని మళ్లొస్తున్నది."

కుట్లయ్యాక డాక్టరమ్మ మళ్లీ మళ్లీ వింది. "ఇగ వరుసగ కొడుతున్నది. పూర్తిగ తెలివొచ్చేదాక మేత పెట్టకుండ్రి, గొంతుల ఇరుకుతది."

చాందినీ మెల్లగా తల ఎత్తింది. గడ్డి కోసం అటూ ఇటూ చూసి, దొరక్క, అన్న చొక్కా కాలరు పళ్లతో పట్టి లాగింది. చిరుగుతున్నా ఆయన విడిపించుకోలేదు.