గంగులు వేసిన వెలి

ఎచ్చెర్ల దాటి సముద్రం వైపు పోతే తగిలే ఆ చేపల వేట ఊళ్లో సర్పంచి రేఖ. సంతకం ఆవిడది, స్టాంపు ఆవిడది. కానీ ఊరికి ఎవరొచ్చినా ముందు అడిగేది గంగులు ఇల్లెక్కడని. అన్నదమ్ముల గొడవ స్టేషన్‌కి వెళ్తే “మీ పెద్ద దగ్గర తేల్చుకోండి” అని పోలీసులే తిప్పి పంపేవారు. ఏ పార్టీ వాళ్లయినా సరే, ఓట్లు కావాలంటే చెప్పులు విడిచి గంగులు అరుగెక్కాల్సిందే. రేఖని నిలబెట్టిందీ ఆయనే. పోటీకి దిగుదామనుకున్న వాళ్లని వలల షెడ్డులో కూర్చోబెట్టి, నచ్చజెప్పి, ఏకగ్రీవం చేయించాడు. ఆయన తండ్రీ తాతా కూడా కులపెద్దలే. వాళ్లకెవరూ ఓటు వేయలేదు, జీతం ఇవ్వలేదు. జనం మాట వినేవారు, అంతే.

ఆ ఊళ్లో ఒక కట్టుబాటుంది. పెద్దలు కూర్చున్న చోట తాంబూలం చేతులు మారిందంటే మాట ముగిసినట్టే. ఇచ్చినవాడూ పుచ్చుకున్నవాడూ ఇద్దరూ కట్టుబడాలి. ఆ తర్వాత ఎదురు మాట్లాడినవాళ్లకి వెలి. వెలి పడ్డ మనిషి ఎవరి గడపా తొక్కకూడదు, ఎవరి చేతి ముద్దా తినకూడదు, ఎవరినీ తాకకూడదు. పెద్దలు మళ్లీ కూర్చుని తీస్తేనే అది తీరుతుంది.

సముద్రంలోకి రాళ్ల గోడ కట్టి జెట్టీ వేస్తామని ఒక ఆఫీసరు వచ్చాడు. ఊరు ససేమిరా అంది. ఆఫీసరు గడుసువాడు. ఎవరు నూరిపోశారో గానీ, తమలపాకులూ వక్కలూ తెప్పించాడు. “మీ ఒడ్డుకీ మీ ఇళ్లకీ ఏమీ కాదు. ఇది ప్రభుత్వం మాట” అని అందరి ముందూ గంగులు చేతిలో తాంబూలం పెట్టాడు. గంగులుకి కళ్లు చెమర్చాయి. అంత పెద్ద గవర్నమెంటు తన ముందుకొచ్చి కట్టుబడిందని నమ్మాడు, పిచ్చి మారాజు.

జనంలోంచి తాతమ్మ అనే ఆవిడ లేచింది. గంగులుకి స్వయానా అప్ప, అంటే అక్క, తల్లి పోతే చంకనేసుకుని పెంచిన మనిషి. మొగుడు వేటకెళ్లి తిరిగి రాలేదు, పిల్లల్లేరు. ఊరికి ఉత్తరం కొసన, ఒడ్డునే ఆవిడ ఇల్లు.

“ఒరే గంగులూ, ఆడు రేపు బదిలీ అయి ఎల్లిపోతాడు. గోడ కడితే నీరు నా గుమ్మంలోకొచ్చేస్తాది. ఆ తాంబూలం తిరిగిచ్చీ.”

“మాట అయిపోనాది అప్పా. కూకో.”

“కూకోను. ఏటి సేస్తావు?”

అందరూ గంగులు మొహమే చూస్తున్నారు. సొంత అప్పని వదిలేస్తే రేపు తన మాట ఎవడు వింటాడు? వెలి వేశాడు. తాతమ్మ కొంగు నెత్తిన కప్పుకుని షెడ్డులోంచి వెళ్లిపోయింది.

గోడ లేచింది. ఆఫీసరు బదిలీ అయ్యాడు. వానాకాలం వచ్చేసరికి ఉత్తరపు ఒడ్డు కోసుకుపోయింది. పడవలు లాగే చోటు పోయింది, తాతమ్మ ఇల్లు నిలువునా కూలింది. గంగులు శ్రీకాకుళం వెళ్లి కొత్త ఆఫీసరు ముందు చేతులు కట్టుకుని నిలబడ్డాడు. తాంబూలం సంగతి చెప్పాడు. ఆయన వెటకారం చేయలేదు, కోప్పడనూ లేదు.

“తాంబూలమేంటి పెద్దాయనా? మీ ఊరు ఒప్పుకుందనే కదా కట్టాం” అన్నాడు.

ఊరు ఒప్పుకున్న సంగతి గవర్నమెంటుకి బాగానే గుర్తుంది. తాను ఒప్పుకున్నదే గుర్తు లేదు. బస్సులో దారి పొడుగునా గంగులు తల ఎత్తలేదు.

ఆనాటితో ఆయన మాట పోయింది. ఎదురుగా ఎవరూ ఏమీ అనలేదు. అన్నా బాగుండేది, పాపం. అప్ప వెలి తీయాలని తోటి పెద్దలందరికీ కబురు పెట్టి, షెడ్డులో చాప పరుచుకుని కూర్చున్నాడు. పొద్దు వాలినా ఒక్కడూ రాలేదు. ఆ పెద్దల్లో ఒకడైన దేవేంద్ర అటుగా పోతూ, “ఇంకా ఎలి ఏటి మావా? ఎవులికి గుర్తున్నాది? అప్పని ఇంటికి తీసుకెల్లిపో” అనేసి, ఆగకుండా వెళ్లిపోయాడు.

తాతమ్మ తుఫాను షెల్టరులో ఓ మూల రేషన్ బియ్యం వండుకు తింటోంది. ఊళ్లో అందరూ పిలిచారు, ఎవరింటికీ వెళ్లలేదు. మర్నాడు గంగులు గిన్నెలో అన్నం, నెత్తళ్ల పులుసు పట్టుకుని, తోడుకి రేఖని తీసుకుని వెళ్లాడు.

“అప్పా, తప్పు నాదే. ఇంటికొచ్చీ.”

“ఎలి తీసినారేటి?”

“ఎవులూ రానేదు. నానే తీసేస్తన్నాను.”

“ఒక్కడివి తీస్తే ఎలా తీరతాదిరా? పెద్దలు కూకోవాల.”

రేఖకి ఒళ్లు మండింది. “అత్తా, ఎలి ఎయ్యడమే సట్టంలో నేరం. అది ఎప్పుడో పోనట్టే. ఊళ్లో ఎవులూ లెక్కసెయ్యట్లేదు. నువ్వు తినీ.”

“నీ సట్టం నాకు తెల్దమ్మా. ఆడు నా తమ్ముడు. ఊరంతా ఆడి మాట తీసి పారేసినాది. నానూ పారేస్తే ఆడికింకేటి మిగుల్తాది సెప్పు?”

గిన్నె ఆవిడ ముట్టుకోలేదు. గంగులు అక్కడే నేల మీద కూలబడి, చిన్నపిల్లాడిలా వెక్కివెక్కి ఏడ్చాడు. తాతమ్మ తమ్ముడి తల నిమరబోయింది. వెలిలో ఉన్నానని గుర్తొచ్చి, చెయ్యి వెనక్కి తీసుకుంది.