నిటారుగా నడిచినందుకు

నా పింఛను ఆగిపోవడానికి కారణం నేనే. ఈ మాట చెబితే వినేవాళ్లు నవ్వుతున్నారు, అందుకని చెప్పడం మానేశాను.

రెండేళ్ల వయసులో పోలియో వచ్చి నా ఎడమ కాలు పొట్టిదైపోయింది. కోరుట్లలో ఒక కిరాయి గదిలో అమ్మా నేనూ ఉంటాం. అమ్మ బీడీలు చేస్తుంది. నేను చీరలకు ఫాల్స్ కుడతాను, జాకెట్లకు హుక్కులు వేస్తాను. ఈ రెండు పనుల మీద పప్పు, నూనె, కూరగాయలు గడిచేవి. గది కిరాయి, గ్యాసు బండ, అమ్మ బీపీ గోలీలు మాత్రం నా వికలాంగుల పింఛను వస్తేనే.

కిందటేడు నా సర్టిఫికెట్ గడువు తీరింది. కొత్తది కావాలంటే జగిత్యాలలో క్యాంపుకు వెళ్లి డాక్టర్‌కు చూపించుకోవాలి. పొద్దున్నే బస్సెక్కి వెళ్లాను. వరండా నిండా జనం. నా ముందు చక్రాల కుర్చీలో ఒకాయన, వెనక చూపు లేని ఒక ముసలమ్మ. నా వంతు వచ్చింది. "ఆ గోడ దాకా నడిచి రామ్మా" అన్నాడు డాక్టర్. అంతమంది నా వైపే చూస్తున్నారు. నాకు తెలియకుండానే నడుము నిటారైంది. చక్కగా వెళ్లి చక్కగా తిరిగొచ్చాను. "మంచిగనే నడుస్తున్నవ్ కదమ్మా" అన్నాడాయన. చెప్పుకోవడానికి సిగ్గుగా ఉంది గానీ, ఆ మాటకు నాకు సంతోషమైంది.

వైకల్యం నలభై శాతం లేకపోతే పింఛను రాదు. నాకు ముప్పై ఐదు వేశారు. ఆ డాక్టర్‌ను తిట్టుకుందామని చాలాసార్లు చూశాను, మనసొప్పలేదు. నేను చూపించిందే ఆయన రాశాడు.

ఆ నడక అమ్మ నేర్పింది. మేము మొదట సిరిసిల్లలో ఉండేవాళ్లం, నాన్న సాంచాల మీద, అంటే కరెంటు మగ్గాల మీద, బట్ట నేసేవాడు. బడికి పోయే దారిలో ఆడవాళ్లు అరుగుల మీద కూర్చుని నూలు కండెలు చుడుతుండేవాళ్లు. ఒకరోజు వాళ్లలో ఎవరో నన్ను "కుంటి పోరి" అన్నారు. అది అమ్మ చెవిన పడింది. నన్ను ఇంట్లోకి లాక్కెళ్లి తలుపేసింది. ఎడమ మడమ నేలకు ఆనించకుండా, బరువంతా కాలి వేళ్ల మీద వేసి నడవడం ఆరోజే మొదలుపెట్టించింది. తప్పితే వీపు మీద ఒక్కటి పడేది. "నొస్తే పండ్లు బిగవట్టు. సూసెటోళ్లకు తెల్వద్దు" అనేది. కొన్నేళ్లకు అమ్మ ముందు కూడా కుంటడం మానేశాను. నాన్న పోయి, మేము అమ్మ పుట్టినూరు కోరుట్లకు వచ్చేసరికి, నా కాలి సంగతి ఇక్కడ ఎవరికీ తెలియనంత బాగా నడుస్తున్నాను.

రెండోసారి క్యాంపుకు దరఖాస్తు పెట్టుకున్నాం. తేదీ ఫోనుకు మెసేజ్ వస్తుందన్నారు. అది ఎక్కడ తప్పిపోతుందోనని ఫోను రీచార్జి చేయించాను, దాంతో ఆ నెల గ్యాసు బండ ఆగిపోయింది. కట్టెలు ఏరుకొచ్చి వాకిట్లో పొయ్యి పెట్టాం. మూడో నెల కిరాయి కూడా అందక ఇంటి ఓనరమ్మ వచ్చింది. ఆమె భర్త మస్కట్‌లో పనిచేస్తాడు. పొగకు కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకుంది.

"ఇంక రాలేదా చెల్లె నీ పింఛన్?"

"రాలే అక్కా. మళ్ల క్యాంపుకు పోవాలె."

"మంచిగనే నడుస్తవ్ గద. నీకెందుకిస్తరు?"

ఎగతాళికి కాదు, నిజంగానే అడిగింది. నాకు ఒళ్లు మండింది, ఆమె మీద కాదు, నా కాలి మీద. ఇంకొక్క నెల చూస్తానని, తర్వాత గది వేరేవాళ్లకు ఇస్తానని చెప్పి వెళ్లిపోయింది.

అమ్మ గోలీల అట్ట ఎన్ని రోజులైనా అయిపోవడం లేదు. ఏందని నిలదీస్తే, దినం తప్పి దినం వేసుకుంటోందట. "తల తిరుగుతలేదు బిడ్డా, మంచిగనే ఉన్న" అంది, గోడ పట్టుకుని.

చివరికి మెసేజ్ వచ్చింది. క్యాంపు ముందురోజు అమ్మ నన్ను గది మధ్యలో నిలబెట్టి, "ఏది, జర కుంటి సూపియ్యి" అంది. ప్రయత్నించాను. పెళ్లిలో వరసైనవాళ్లు వెక్కిరించినట్టు వచ్చింది. ఇద్దరికీ నవ్వొచ్చింది. అన్ని నెలల్లో నవ్వింది అదొక్కసారే.

ఈసారి డాక్టర్ వేరే ఆయన. అమ్మను కూడా లోపలికి రానిచ్చాడు. "చెప్పులిడిచి, రెండు మడమలు కింద పెట్టి నడువమ్మా" అన్నాడు. మడమ నేలకు ఆనించి పాతికేళ్లు దాటింది. ఆనించగానే నడుము ఒక పక్కకు కూలిపోయింది. భుజం వంగింది, చేయి వెళ్లి మోకాలిని పట్టుకుంది. నాలుగో అడుగుకు పడిపోయాను. ఆయా వచ్చి లేపింది. అమ్మ నోట్లో కొంగు కుక్కుకుని అక్కడే నిలబడి ఉంది.

తిరుగు బస్సులో, మేడిపల్లి దాటాక, "ఈసారి శాతం ఎక్కువనే రాస్తరే అమ్మా" అన్నాను నేనే. ఆమె కిటికీలోంచి చూస్తూ అంది:

"పైసలు రాకుంటె రాకపాయె బిడ్డా. నా ముంగట ఇంకోసారి గట్ల నడువకు."

సర్టిఫికెట్ ఇంకా రాలేదు. గది ఈ నెలాఖరు దాకానే ఉంది. అమ్మ చూస్తున్నంతసేపూ మడమ ఎత్తిపట్టే తిరుగుతున్నాను. ఆమె బీడీల గంప తీసుకుని కార్ఖానాకు వెళ్లాక తలుపేసుకుంటాను, మడమ కిందికి దించి, గోడ పట్టుకుని ఏడుస్తాను.