యాక్సిలరేటర్ కింద బోల్టు

మా కారు స్పీడోమీటరు మీద చివరి అంకె నూట ఎనభై. షోరూములో సేల్స్‌మన్ ఆ అంకెను, పెళ్లిచూపుల్లో అమ్మాయి డిగ్రీ గురించి చెప్పినంత గర్వంగా చూపించాడు. మేముండేది కలకత్తాలో, భవానీపూర్‌లో అద్దె ఇంట్లో. నా ఆఫీసు సాల్ట్ లేక్ సెక్టార్ ఫైవ్‌లో. ఆ రెంటికీ మధ్య నూట ఎనభైతో ప్రయాణించగలిగేది పుకారు ఒక్కటే. బంద్ రోజున రోడ్లు ఖాళీగా ఉంటాయి గానీ, ఆ రోజు కారు బయటికి తీస్తే అద్దాలు మిగలవు. మిగతా రోజుల్లో అద్దాలుంటాయి, రోడ్డుండదు.

నాన్న మున్సిపాలిటీ చెత్త లారీ నడిపి రిటైరయిన మనిషి. ఆయన వంగి ఆ డయల్‌ను కాసేపు చూసి, ఇంతకన్నా తక్కువ వేగంతో పోయే బండి లేదా అని హిందీలో అడిగాడు. సేల్స్‌మన్ జోకేమోనని నా వైపు చూశాడు. మా ఇంట్లో జోకులు వేసేది నేను. నాన్నకు ఆ అలవాటు లేదు.

"ఎప్పుడైనా అవసరం పడొచ్చు కదా, జేఠూ," అన్నాడు సేల్స్‌మన్, పెదనాన్న వరస కలిపి.

"ఏ అవసరం?"

"ఓవర్‌టేక్ చెయ్యడానికి."

"ఎవర్ని?"

ఆ ప్రశ్నకు కంపెనీ అతనికి ట్రైనింగ్ ఇచ్చినట్టు లేదు.

మా తమ్ముడు పోయింది అలాంటి కొత్త కార్లోనే. కారు వాడి స్నేహితుడిది. నడిపింది ఆ స్నేహితుడు, మావాడు ముందు సీట్లో, ఎడమవైపు కూర్చున్నాడు. పట్టపగలు, బైపాస్ రోడ్డు మీద, బండి ఎంత పోతుందో చూద్దామనుకున్నారు. చూశారు. ముల్లు నూట ఇరవై దాటినచోట ఇరుక్కుని ఉందని పోలీసులు చెప్పారు. అంటే కంపెనీ ఇచ్చినదాంట్లో ఇంకా చాలా వాడకుండానే మిగిలిపోయిందన్నమాట. ఆసుపత్రి మార్చురీ బయట, వచ్చినవాళ్లకు నేను టీలు చెప్పాను. ఒకాయనకు చక్కెర లేకుండా. అది గుర్తుంది. ఏడుపు రాలేదు. ఆలస్యంగా నడిచే రైలు కోసం హౌరాలో కూర్చున్నట్టు కొంతకాలం దానికోసం కూర్చున్నాను. తర్వాత లేచి ఆఫీసుకు వెళ్లడం మొదలుపెట్టాను.

అమ్మ ఆ తర్వాత కారెక్కలేదు. ట్యాక్సీ అయినా సరే. ట్రామెక్కేది. కలకత్తా ట్రాముకు వేగ పరిమితి ఎవరూ పెట్టనక్కరలేదు, అది పుట్టుకతోనే వచ్చింది. బస్సు కూడా ఎక్కేది, కండక్టరు "ఆస్తే, లేడీస్!" అని అరుస్తాడు గనక. ఆడమనిషి ఎక్కుతోందనో దిగుతోందనో, మెల్లగా పొమ్మని డ్రైవరుకు వేసే కేక అది. "ఆ కారుకి కండట్రు లేడు గదా," అనేది అమ్మ ఒక్కోసారి, బియ్యం ఏరుతూ, దేనికీ సంబంధం లేకుండా.

తర్వాత ఆమె రెండు కళ్లకూ పొర కమ్మింది. బియ్యంలో రాళ్లు మిగిలిపోవడం మొదలయింది. ఇంకా ఆలస్యం చేస్తే చూపు పోతుందన్నాడు డాక్టరు. కంటి ఆసుపత్రి బైపాస్ మీద ఉంది. ట్రాము అటు పోదు. బస్సు మెట్టు ఎక్కడుందో ఆమెకు కనిపించడం లేదు.

"నానెల్లను," అంది అమ్మ. "గుడ్డిదాన్నయితే ఇంట్లోనే కూకుంటాను. ఇల్లు నాకు తెలుసు గదా."

ఆమెను ఒప్పించడానికి నాకు తెలిసిన జోకులన్నీ ప్రయోగించాను. మర్యాదకు నవ్వింది. అప్పుడు నాన్నకు తట్టింది: సొంత కారైతే దాన్ని మనం అదుపులో పెట్టుకోవచ్చు.

నాన్న పనిచేసిన గ్యారేజీలో ప్రతి లారీకీ యాక్సిలరేటర్ కింద, నేలకు, లావుపాటి బోల్టు ఒకటి బిగించేవారు. పెడల్ సగం దిగి ఆ బోల్టు తలకు తగిలి ఆగిపోయేది. పిచ్చెక్కినట్టు తొక్కినా లారీ నలభై దాటదు. డ్రైవర్లు దాన్ని "అత్తగారు" అనేవారు. తిట్టుకుంటూనే ఏళ్ల తరబడి దానితో కాపురం చేశారు.

కారు ఇంటికొచ్చిన వారమే నాన్న అత్తగారిని కాపురానికి తెచ్చాడు. బిగించడం అయ్యాక అమ్మను చెయ్యి పట్టుకుని తీసుకొచ్చి, తెరిచిన తలుపు దగ్గర నేలమీద కూర్చోబెట్టి, ఆమె అరచేతిని పెడల్ మీద ఆనించాడు.

"నొక్కు."

అమ్మ నొక్కింది. ఇంకో చెయ్యి కూడా వేసి ఒంటి బరువంతా మోపింది.

"ఇంక దిగదేటి?"

"దిగదు."

"నిజమేనా?"

"నీ సేతికిందే ఉంది గదే. నన్నడుగుతావేటి?"

అమ్మ లేచి చీరకంటిన దుమ్ము దులుపుకుంది. "అయితే రేపెల్దాం," అంది.

బైపాస్ చేరాలంటే ఒక వంతెన ఎక్కాలి. లారీ ఇంజనుకూ మా చిన్న పెట్రోలు ఇంజనుకూ ఉన్న తేడా మాకు ఆ వంతెన మీదే తెలిసింది. కారు సగం ఎక్కి ఆలోచనలో పడింది. మొదటి గేరు వేశాను. ఏసీ ఆపాను. వెనక మినీ బస్సు డ్రైవరు హారన్ మీంచి చెయ్యి తియ్యడం లేదు. "కీ దాదా, ఠేలా నాకి?" అని అరిచాడు దాని కండక్టరు. ఏమన్నా, తోపుడుబండా అని అడుగుతున్నాడు. కాదనడానికి నా దగ్గర ఆధారం లేదు. చివరికి బరువు తగ్గించడం కోసం నాన్న దిగి, పక్కనే నడుస్తూ వంతెన ఎక్కి, మాకంటే ముందే పైకి చేరి అక్కడ నిలబడ్డాడు.

అమ్మ వెనక సీట్లో కాళ్లు ముడుచుకుని కూర్చుంది. "బాగుందిరా నాయినా," అంది. "ట్రాములాగుంది."

ఒక కంటికి ఆపరేషన్ బాగానే జరిగింది. కొన్ని వారాల తర్వాత రెండో కంటికి రమ్మన్నారు. ఈలోగా కారును మొదటి సర్వీసుకిచ్చాను. తిరిగి తీసుకోవడానికి వెళ్తే, కౌంటరు దగ్గర ఉన్నాయన బోల్టును ప్లాస్టిక్ కవరులో పెట్టి నా చేతికిచ్చాడు.

"ఇది పెడల్ కింద దొరికింది దాదా. మీకు పడనివాళ్లెవరో పెట్టినట్టున్నారు."

"మా నాన్న పెట్టారు."

"ఓ," అని కాసేపు సంతాపంగా చూశాడు. "మళ్లీ పెట్టకండి దాదా. వారంటీ పోతుంది. కంపెనీ ఇచ్చిన వేగాన్ని మనం ఆపకూడదు."

"ఆపకపోతే?"

"ఆపకపోతే ఏమీ కాదు."

"వారంటీకి."

"అదే దాదా, వారంటీకి."

సాయంత్రం వీధి చివర టీ కొట్టు బెంచీ మీద ఆ కవరు నాకూ నాన్నకూ మధ్య ఉంది. వంతెన మీద వెనకనున్న మినీ బస్సును తలుచుకుంటే నాకూ బోల్టు మళ్లీ పెట్టాలని లేదు. నాన్నకూ లేదు.

"బోల్టుకి ఎత్తూపల్లం తెలవదురా," అన్నాడు. "బలాన్నీ ఆపేస్తాది, వేగాన్నీ ఆపేస్తాది. కంపెనీవోళ్లయితే బలం ఉంచి వేగం ఒక్కటీ కొయ్యగలరు. ఆళ్లెందుకు సెయ్యరు?"

"చేస్తే ఎవరూ కొనరు నాన్నా. పక్క కంపెనీ బండి కొంటారు."

"అన్ని కంపెనీలూ సేస్తే?"

సమాధానంగా ఒక జోకు నోటిదాకా వచ్చింది. టీ తాగాను.

"అంత బేగి ఎక్కడికెల్లిపోవాల మనిషి?" అన్నాడు నాన్న, నన్ను కాదు, గ్లాసును. తర్వాత, "మీయమ్మకు సెప్పకు. రెండో కన్ను అవనీ," అన్నాడు.

రెండో కంటి రోజు నాన్న ఎప్పటిలాగే నా పక్కన, అమ్మ వెనక కూర్చున్నారు. మొదట్నుంచీ అమ్మ ముందు సీటు వైపు చూసేది కాదు. నేను ముల్లును నలభై దాటనివ్వకుండా, దొంగ సరుకు మోస్తున్నవాడిలా నడిపాను. వంతెన వచ్చింది. కారు చక్కగా ఎక్కి, చక్కగా దిగింది. బైపాస్ మీదికి తిరిగాం.

"ఆపు," అంది అమ్మ.

"ఏమ్మా?"

"ఈపాలి మీ నాన్న దిగలేదు."

కారును ఎడమ పక్కకు తీసి ఆపాను. నాన్న డాష్‌బోర్డు అర తెరిచి కవరు చూపించాడు. అమ్మ కొత్తగా బాగుపడిన కంటితో దాన్ని చూసింది.

"ఎవరు తీసేరు?"

"కంపెనీవోళ్లు."

"ఆళ్లా," అంది అమ్మ. తలుపు తీసుకుని దిగింది.

తమ్ముడున్న కారు తిరగబడిన చోటు ఇంకా కొంచెం ముందుంది. అది ముగ్గురికీ తెలుసు. నేను ఇంజను ఆపేసి, స్టీరింగు పట్టుకుని కూర్చున్నాను. ఏదైనా అనిపిస్తుందేమోనని చూశాను. ఆసుపత్రికి ఆలస్యమవుతుందని అనిపించింది.

అమ్మ వెనకనుంచి వస్తున్న బస్సుకు చెయ్యెత్తింది. తలుపు దగ్గర వేలాడుతున్న కండక్టరు బస్సు రేకు మీద చేత్తో కొడుతూ "ఆస్తే, లేడీస్!" అని కేకేశాడు. బస్సు ఆగింది. అమ్మకు ఇప్పుడు మెట్టు కనిపిస్తోంది. మెట్టును చూసింది. లోపల కిక్కిరిసిన జనాన్ని చూసింది. మమ్మల్ని చూసింది. వద్దన్నట్టు చెయ్యూపింది. కండక్టరు ఏదో గొణిగాడు. బస్సు నల్లటి పొగ వదిలి, ఎవరో తరుముతున్నట్టు వెళ్లిపోయింది. అది కనుమరుగయ్యేదాకా అమ్మ అలాగే నిలబడింది.

"దానికీ బోల్టు లేదు," అంది. తర్వాత ముందు తలుపు తీసి, "నువ్వెనక్కెల్లు," అంది నాన్నతో.

నాన్న వెళ్లాడు. అమ్మ నా పక్కన, ఎడమవైపు సీట్లో, అంచు మీద కూర్చుంది.

"నలభై ఏదిరా?"

వేలు పెట్టి చూపించాను. ఆ చోటును కంటితో గుర్తుపెట్టుకుని, "పోనీ," అంది.

పోనిచ్చాను. ఆటోలు మమ్మల్ని దాటాయి. పాల వ్యాన్లు దాటాయి. ఒక సైకిలు కాసేపు మాతో సమానంగా వచ్చి, విసుగొచ్చి, సందులోకి తిరిగింది. ఆ చోటు వచ్చింది. అమ్మ రోడ్డు వైపు చూడలేదు, ముల్లునే చూస్తోంది. నేను ముందుకే చూశాను. నా కాలు ఎప్పుడు బరువెక్కిందో నాకు తెలియదు.

"ఆస్తే," అంది అమ్మ.

తగ్గించాను.